బంగారు రేకు మీద బుడిపె

నవంబర్ 4, సోమవారం. మొదటి రోజు.

ఉదయం 8.15. కొత్త డైరీ, కొత్త పెన్ను. మనిషి పాతవాడే గానీ ఈ రోజు నుంచి మారబోతున్నాడు.

సంగతి ఇది. మూడేళ్ల కిందట గోరంత బంగారు రేకును ఆమ్లంలో ముంచి, దాని మీద ఒక్క పరమాణువు మందాన రాగి పొర ఎక్కిస్తూ కరెంటు కొలిచాను. వోల్టేజీని మెల్లగా దించుతూ పోతే కరెంటు గీత ఒకచోట కొండలా లేచి దిగుతుంది. అది అందరికీ తెలిసిందే. నా గీతలో మాత్రం కొండ పక్కన ఒక చిన్న బుడిపె కూడా వచ్చింది. అంతకుముందు ఎవరూ చూడనిది. రాగి బంగారం మీద పూర్తిగా కుదురుకునే ముందు దారిలో ఒకచోట ఆగుతుందని దాని అర్థం. అలా అని నేనే రాశాను. పేపరు అచ్చయింది. మా ప్రొఫెసర్ ఓనో ఏ సభకు వెళ్లినా ఆ గీతను తెర మీద వేసి, "ఇది మా యోరిట్ బుడిపె" అంటారు. యోరిట్ అంటే నేను. ఈ ఉద్యోగం దాని పుణ్యమే. దీన్ని పర్మనెంటు చేయాలా వద్దా అని డిసెంబర్‌లో కమిటీ కూర్చుంటుంది.

ఇప్పుడు చిక్కు. దక్షిణ జర్మనీ నుంచి రికార్డా అనే పరిశోధక విద్యార్థిని ఉత్తరం రాసింది. ఎనిమిది నెలలుగా చేస్తోందట, బుడిపె రావడం లేదట. 25న మా ల్యాబుకు వచ్చి నేను చేస్తుంటే చూస్తుందట.

ఎలా వస్తుంది మరి, గాజు సరిగ్గా కడగకపోతే? శుభ్రత అంటే ఏమిటో ఆమెకు చూపించాలి. అందుకే ఈ శపథం. ఇరవై ఒక్క రోజులు, పరమ శుభ్రత.

1. గాజు సామాను రాత్రంతా ఆమ్లంలో నానాలి. తర్వాత స్వచ్ఛమైన నీళ్లలో ఆరుసార్లు మరగాలి.
2. గ్లవ్స్ లేకుండా దేన్నీ ముట్టుకోకూడదు.
3. గదిలో తిండి తినకూడదు.
4. ప్రతి కొలతా ఈ డైరీలోకి ఎక్కాలి. బాగున్నా, బాగోకపోయినా.

ద్రోప్ తిండి కిందికి రాదు. నల్లటి ఉప్పు బిళ్ల, నోట్లో వేసుకుంటే కరిగిపోతుంది. అదేమైనా రొట్టె ముక్కా? సంచి కోటు జేబులోనే ఉంటుంది.

హెల్మా నియమాలు చదివింది. హెల్మా మా టెక్నీషియన్, ముప్పై ఏళ్ల సర్వీసు. ఏ గ్లాసు ఎవరు కడిగారో వెలుతురుకు ఎత్తి చూసి చెప్పేస్తుంది. నాలుగోది నాకు కష్టమంది. నవ్వి ఊరుకున్నాను.

నవంబర్ 5, మంగళ.

9.40. బంగారాన్ని మంటలో ఎర్రగా కాల్చి, చల్లార్చి, ముంచాను. బుడిపె వచ్చింది. నిటారుగా, ముద్దుగా. ద్రోప్ నాలుగు.

11.00. మళ్ళీ వచ్చింది.

2.15. మళ్ళీ. ఇంత తేలికైన పని ఎనిమిది నెలలు ఎలా చెడగొట్టగలిగిందో ఆ అమ్మాయి.

నవంబర్ 7, గురు.

శుభ్రత ఒంటికి పడుతోంది. ఇంట్లో టీ కప్పు ఆరుసార్లు కడిగానని ఫెంకె లెక్కపెట్టి మరీ చెప్పింది. అది మా పెళ్లికి వాళ్ల పిన్ని ఇచ్చిన కప్పట, నీలం పూలు వెలిసిపోతున్నాయట. ల్యాబులో భార్య ఉండదు కదా, గాజుకు అడ్డు చెప్పేవాళ్లు ఉండరు.

నవంబర్ 8, శుక్ర.

కొత్త గ్లవ్స్ పెట్టె తెరిచాను. పెట్టెలోంచి తీసిన జత తీసినట్టే వేసుకుని కొలిచాను. బుడిపె కొంచెం పొట్టిగా ఉంది. యంత్రానికి కూడా వారాంతపు సెలవు కావాలి కాబోలు.

నవంబర్ 10, ఆది.

ఫెంకె పిన్నిగారి పుట్టినరోజు. కుర్చీలు గుండ్రంగా వేసుకుని, అందరికీ అందరూ చేతులు కలిపి శుభాకాంక్షలు చెప్పుకుని, రెండు గంటలు కూర్చున్నాం. ఆపిల్ కేకు ముట్టుకునే ముందు చేతులు మోచేతుల దాకా కడిగి వచ్చాను. ఆవిడ నన్ను ఏ ఆసుపత్రిలో పనిచేస్తున్నావని అడిగారు.

నవంబర్ 11, సోమ.

శపథం అన్నాక సగం సగం ఏమిటి? ద్రోప్ కూడా మానేశాను. సంచి తీసుకెళ్లి హెల్మా చేతిలో పెట్టి, 25 దాకా అడిగినా ఇవ్వొద్దన్నాను. ఆమె దాన్ని సొరుగులో వేసి తాళం పెట్టింది. కోటు ఉతికించాను. నా మీద నాకే గౌరవం కలిగింది.

నవంబర్ 12, మంగళ.

10.00. బుడిపె ఉందంటే ఉంది. కళ్లద్దాలు తుడుచుకుని చూస్తే ఉంది.

1.30. తుడుచుకున్నా లేదు.

నవంబర్ 13, బుధ.

మూడు కొలతలు. కొండ ఉంది, నున్నగా, పుస్తకంలో బొమ్మలా. పక్కన ఏమీ లేదు. కొత్త ఆమ్లం తెరిచాను. గాజు ఆరు కాదు, ఎనిమిదిసార్లు మరిగించాను. ఇంకా నున్నగా వచ్చింది.

ఇంత శుభ్రంగా చేస్తుంటే ఇలా అవడం అన్యాయం.

నవంబర్ 14, గురు.

రాలేదు. రాలేదు. తీగ వదులుగా ఉన్నట్టుంది కాబట్టి మూడోది లెక్కలోకి తీసుకోను.

నవంబర్ 15, శుక్ర.

ఈ రోజు కొలతలు: ఐదు. రాయదగ్గవి: ఏమీ లేవు.

నాలుగో నియమం కొలతల గురించే గానీ, కొలతల్లా కనిపించే వాటి గురించి కాదు.

నవంబర్ 18, సోమ. ఇంకా వారం.

ఆలోచించాను. గ్లవ్స్‌లో రబ్బరు ఉంటుంది. రబ్బరు నుంచి ఏదో దిగి బుడిపెను నొక్కేస్తోంది. తీసేశాను. గాజు రాత్రంతా నానడం కూడా దండగే, గంట చాలు. ఆరుసార్లు మరిగించాలని ఎవరు చెప్పారు? నేనే. రెండుసార్లు.

ఒత్తిడిగా ఉంది. హెల్మా దగ్గరికి వెళ్లి ద్రోప్ అడిగాను. 25 దాకా ఇవ్వొద్దన్నది నువ్వే కదా అంది. ఒక్కటే అన్నాను. ఒకటి తీసి ఇచ్చింది. నాలుగోసారి వెళ్లేసరికి సొరుగు తాళంచెవి నా చేతిలో పెట్టి, తనకు వేరే పనులున్నాయంది.

నవంబర్ 19, మంగళ.

9.50. వచ్చింది. మునుపటి కంటే ఎత్తుగా. దాదాపు కొండంత.

11.30. మళ్ళీ వచ్చింది. బిళ్ల నోట్లో వేసుకుని, కిటికీలోంచి కాలువ మీద వాన చూస్తూ రెండు నిమిషాలు నిలబడ్డాను. ఇంత ప్రశాంతత ఈ నెలలో లేదు.

నా సిద్ధాంతం: అతిగా కడిగితే బంగారం పాడవుతుంది. ఓనో గదికి వెళ్లి చెప్పాను. ఆయన కుర్చీలోంచి లేచారు. 'అతిశుభ్రత వల్ల కలిగే నష్టం' అని రెండో పేపరు వేద్దామన్నారు. రేపు కోపెన్‌హేగన్ సభలో ఈ ముక్క కూడా కలుపుతారట.

నవంబర్ 20, బుధ.

రాయడానికి చెయ్యి రావడం లేదు. రాస్తాను.

పదకొండింటికి కొలతకు సిద్ధమవుతున్నాను. హెల్మా గుమ్మంలో నిలబడి చూస్తోంది. ఎంతసేపటి నుంచో తెలియదు.

"ఇందాక ఆ చెయ్యి ఎక్కడ పెట్టావ్?" అంది.

"ఎక్కడా పెట్టలేదే."

"జేబులో పెట్టావ్. తీసి నోటి దగ్గరికి పోనిచ్చావ్. ఆ వేళ్లతోనే మూత పట్టుకున్నావ్."

నన్ను సింకు దగ్గరికి లాక్కెళ్లి, నా వేళ్ల మీద స్వచ్ఛమైన నీళ్లు పోసి, ఆ నీళ్లను పరీక్షనాళికలో పట్టింది. సిల్వర్ నైట్రేట్ రెండు చుక్కలు వేసింది. నీళ్లు పాలలా తెల్లబడ్డాయి.

క్లోరైడు. కాలేజీ మొదటి ఏడాది పిల్లలు కూడా చెప్తారు.

నా జేబులోంచి ద్రోప్ సంచి లాగి, తిప్పి వెనక అక్షరాలు చదివింది. చక్కెర, అతిమధురం వేరు, నవాసారం. నవాసారం అంటే అమోనియం క్లోరైడు, అందులో సగానికి పైగా క్లోరైడే. రాగి పొర అనేది చిటికెడు క్లోరైడుకు కూడా రూపం మార్చుకుంటుందని పాఠం చెప్పేది నేనే, ప్రతి సెప్టెంబర్‌లోనూ.

తర్వాత తనే గాజు తీసి, తన పద్ధతిలో కడిగి, కొత్త ఆమ్లం పోసి గీత తీసింది. నున్నటి కొండ. బుడిపె లేదు. ఆవగింజంత ద్రోప్ తుంపు అందులో వేసింది. మళ్ళీ గీత తీసింది. పాఠం అడగగానే చెయ్యెత్తే పిల్లాడిలా బుడిపె లేచి నిలబడింది.

హెల్మా కుర్చీ తెచ్చి నా వెనక వేసింది.

నవంబర్ 21, గురు.

జలుబని ఫోను చేసి సెలవు పెట్టాను. జలుబు లేదు.

ఫెంకెకు చెప్పాను. అంటే మూడేళ్లుగా మిఠాయిని కొలిచావన్నమాట అంది. అవునన్నాను. నవ్వు మొదలుపెట్టి, నా ముఖం చూసి ఆపేసి, ఆపుకోలేక వంటింట్లోకి వెళ్లింది. తలుపు వేసుకుంది గానీ, నవ్వుకు ఊగుతున్న భుజాలు తలుపు అద్దంలోంచి కనిపిస్తూనే ఉన్నాయి. తిరిగి వచ్చాక పక్కన కూర్చుని, ఆ జర్మనీ అమ్మాయికి ఇంకా చెప్పలేదా అని అడిగింది. సోమవారం ఎలాగూ వస్తోంది కదా అన్నాను.

"ఆ నాలుగు రోజులూ ఆమె చేతకానిదానిలాగే ఉండాలా?" అంది.

ఫోను తీశాను. నంబరు లేదు. ఈమెయిలు ఉంది గానీ, ఇలాంటివి ఎదురుగా చెప్పాలి. అది మర్యాద.

నవంబర్ 22, శుక్ర.

మర్యాద కాదు, భయం. నాలుగో నియమం కింద ఇది కూడా రాస్తున్నాను.

దారులు రెండు. ఒకటి, చెప్పడం. రెండోది, సోమవారం ఒక బిళ్ల నోట్లో వేసుకుని, మామూలుగా కొలిచి, బుడిపె చూపించి, చాకొలెట్ ఇచ్చి రైలెక్కించడం. డిసెంబర్ కమిటీ దాటాక, వసంతంలో తీరిగ్గా నేనే 'కనిపెట్టి' దిద్దుబాటు రాయడం. రెండో దారి ఎంత వివరంగా తట్టిందో చూస్తే నాకే సిగ్గేసింది.

హెల్మాను అడిగాను, నువ్వేం చేస్తావని. తను ఏమీ చేయనంది.

"అది నీ బుడిపె. నువ్వే పెంచావ్, నువ్వే చెప్పుకో."

నవంబర్ 25, సోమ. ఇరవై రెండో రోజు. శపథం ముగిసిన మర్నాడు, అది ఎప్పుడో చచ్చిపోయిందనుకోండి.

10.05. రికార్డా వచ్చింది. పెద్ద పెట్టె, చిన్న సంచి. బట్టలు చిన్న సంచిలో ఉన్నాయి. పెద్ద పెట్టెలో తన గాజు సామాను, స్వెటర్లలో చుట్టి, పది గంటల రైలు ప్రయాణంలో ఒళ్లో పెట్టుకున్నంత భద్రంగా. ఒక్కటీ పగల్లేదు. హెల్మా ఒక గ్లాసును వెలుతురుకు ఎత్తి చూసి, మెల్లగా దించింది. ఆమె అంత గౌరవంగా ఏ గ్లాసునూ కింద పెట్టడం నేను చూడలేదు.

10.30. కాఫీ. చెప్పలేదు. ఆమె వేళ్లు చూశాను. కడిగి కడిగి ఎర్రబడి, కణుపుల దగ్గర చర్మం చిట్లి ఉంది.

12.30. రొట్టె, జున్ను. చెప్పలేదు. గాలి గురించి మాట్లాడాను. ఇక్కడ గాలి ఎక్కువండీ అన్నాను, రెండుసార్లు.

2.00. ముందు తను చేస్తానంది. నేను తప్పెక్కడో చూసి చెప్పాలట. ఇలాంటి పనితనం నేనెప్పుడూ చూడలేదు. ఊపిరి కూడా గాజు మీద పడకుండా తల పక్కకు తిప్పుకుంటుంది. గీత వచ్చింది. నున్నటి కొండ, జుట్టు దువ్వినట్టు.

ఆమె తెర వైపు చూస్తూ నెమ్మదిగా అంది. "మళ్ళీ నా చేతులే."

చెయ్యి జేబులోనే ఉంది. సంచి తగులుతోంది. ఒక్క వేలు చాలు, ఇప్పుడే బుడిపె తెప్పించి చూపించొచ్చు. సంచి తీసి బల్ల మీద పెట్టాను.

"మీ చేతులకేం కాలేదండీ. మీ గీతే సరైనది. నాదే తప్పు. అది బుడిపె కాదు, ఇది."

ఆమెకు అర్థం కాలేదు. మొత్తం చెప్పాను, మొదటి నుంచి, జేబుతో సహా. మధ్యలో ఆపలేదు. చెప్పడం అయ్యాక సంచిలోంచి ఒక బిళ్ల తీసి, అటూ ఇటూ తిప్పి చూసి, నోట్లో వేసుకుంది. నాలుగు సెకన్లు ఓర్చుకుని సింకులో ఉమ్మింది. నీళ్లతో పుక్కిలించింది.

"దీన్ని మీరు ఇష్టపడే తింటారా?"

"అవునండీ."

"ఎవరూ బలవంతపెట్టకుండానే?"

హెల్మా గట్టిగా నవ్వింది. రికార్డా నవ్వలేదు.

"ఎనిమిది నెలలు," అంది. "మా ప్రొఫెసర్ అందరి ముందూ నన్ను లేపి, చేతులు కడుక్కుని రమ్మన్నారు. రెండుసార్లు. జూన్‌లో మీకు రాస్తే ఒక్క వాక్యం జవాబిచ్చారు. గాజు బాగా కడగండి అని. దాన్ని అచ్చుతీసి నా బల్ల ముందు అంటించుకున్నానండీ."

ఆ జవాబు సైకిలు దిగుతూ ఫోనులో కొట్టినట్టు గుర్తు. క్షమించమన్నాను. అది చాలదని ఇద్దరికీ తెలుసు.

ఆమె ద్రోప్ సంచిని బల్ల మధ్యకు జరిపింది. తర్వాత కొత్త గ్లవ్స్ తీసుకుంది.

"త్రాసు ఎక్కడుంది? ఎంత బిళ్లకు ఎంత బుడిపో కొలుద్దాం. ఎనిమిది నెలలూ ఊరికే పోకూడదు."

నవంబర్ 27, బుధ.

రెండు రోజుల్లో పద్నాలుగు కొలతలు. బిళ్ల పెరిగితే బుడిపె పెరిగింది, కొంతదాకా వెళ్లి ఆగింది. పద్నాలుగూ ఇక్కడ రాశాను. మొదటిసారి నాలుగో నియమం పూర్తిగా పాటించాను, అదీ పక్కన ఆమె నిలబడి చూస్తే.

దిద్దుబాటులో ముందు ఆమె పేరు, తర్వాత హెల్మా, చివర నాది. వరస రికార్డానే చెప్పింది. నేను కాదనలేదు. స్టేషనులో ఆమె గాజు పెట్టె మోస్తానన్నాను. ఇవ్వలేదు. బట్టల సంచి ఇచ్చింది.

నవంబర్ 28, గురు.

ఓనో కోపెన్‌హేగన్ నుంచి వచ్చారు. చెప్పాను. కోటు కూడా విప్పకుండా కూర్చుండిపోయారు.

"పోయిన వారమే చూపించానయ్యా. చప్పట్లు కొట్టారు," అన్నారు. "అతిశుభ్రత గురించి కూడా చెప్పాను."

తర్వాత కమిటీకి తనేం చెప్పాలని అడిగారు. జరిగింది చెప్పండి అన్నాను. నువ్వే రాసివ్వు అన్నారు. రాసిచ్చాను, ఒకటిన్నర పేజీ. ఫెంకె నా ల్యాబు కోటు జేబులు రెండూ కుట్టేసింది.

డిసెంబర్ 3, మంగళ.

నా పేపరును నమ్మి పని చేసినవాళ్లు ఐదు చోట్ల ఉన్నారు. ఐదుగురికీ ఉత్తరాలు రాశాను. గంటలో ఒక జవాబు, స్వీడన్ నుంచి. 'దిద్దుబాటు దేనికి? మాకు బుడిపె ప్రతిసారీ చక్కగా వస్తోంది.'

వాళ్లకూ ఈ ఉప్పు బిళ్లలంటే ప్రాణం. మీ జేబుల్లో ఏముందని మర్యాదగా ఎలా అడగాలో తెలియక ఇంకా జవాబు రాయలేదు.

డిసెంబర్ 5, గురు.

సింటర్‌క్లాస్ పండుగ, ఇక్కడ కానుకలు ఇచ్చిపుచ్చుకునే రోజు. ల్యాబులో చేసుకున్నాం. కానుక మీద ఒక పద్యం రాసి, అందుకున్నవాడి చేత అందరి ముందూ చదివించాలి, ఎవరు రాశారో చెప్పకూడదు. నా కానుక పళ్లు తోముకునే బ్రష్షు. పద్యం ఇది:

బంగారం పలక మీద రాగి పొర వేశాడు
పొర పక్కన లోకానికి లేని వింత చూశాడు
పాపం ఆ ఆమ్లం ఒక మాటే అడిగింది:
ఇంకో బిళ్ల ఉందా అయ్యా, మొదటిది బాగుంది.

చదివాను. అందరూ నవ్వారు. ఓనో కొంచెం ఆలస్యంగా నవ్వారు. హెల్మా ఒక్కతే నవ్వకుండా పైకప్పు చూస్తూ కూర్చుంది, కాబట్టి రాసింది తనే.

డిసెంబర్ 6, శుక్ర.

కమిటీ తేల్చింది. పర్మనెంటు లేదు. తీసేయడమూ లేదు. ఇంకో ఏడాది చూస్తారట. ఒకావిడ నా ఒకటిన్నర పేజీ రెండుసార్లు చదివారని ఓనో చెప్పారు. మెచ్చుకుని చదివారో, నమ్మలేక చదివారో తెలియదన్నారు.

రికార్డా రాసింది. వాళ్ల ప్రొఫెసర్ క్షమాపణ చెప్పలేదట. కానీ నిన్న సెమినారు గది తలుపు ఆమె కోసం తెరిచి పట్టుకుని నిలబడ్డారట. బల్ల ముందున్న నా వాక్యం పీకేసిందట. ఆ చోట గోడ రంగు వేరేగా ఉందట.

డిసెంబర్ 9, సోమవారం. మళ్ళీ మొదటి రోజు.

ఉదయం 8.10. ఈసారి రాగి కాదు, వెండి. ఈసారి నియమం ఒక్కటే. రాకపోతే రాలేదని రాయాలి.

10.20. మొదటి కొలత. మామూలు గీత. కొత్త విషయం లేదు. రాశాను.

11.45. రెండోది. లేదు. రాశాను. ఇదేమంత కష్టం కాదు.

2.30. మూడోది. గీత మొదట్లో, కొండ ఇంకా లేవకముందు, ఒక చిన్న వంపు. పుస్తకాల్లో లేదు.

2.50. నాలుగోది. వంపు అక్కడే ఉంది.

ఎవరినీ పిలవలేదు. గ్లవ్స్ మార్చాను. గాజంతా ఆమ్లంలో వేశాను, రేపటిదాకా నానుతుంది. రేపు ఆ వంపు కనిపించకపోతే, లేదని ఇక్కడే రాస్తాను. అది లేకుండా పోవాలనే కోరుకుంటూ ఇంటికి బయలుదేరుతున్నాను.

4.35. పై వాక్యం అబద్ధం. ఉండాలనే కోరుకుంటున్నాను.